కడుపు నిండిన బేరము

మన ప్రాంతపు సరిహద్దు రేఖలు గడచిన నూటయేబది సంవత్సరములలో పలుమారులు చెరిపి వ్రాయబడినవి. భద్రాచలము తాలూకా 1874లో మధ్యపరగణాలనుండి మదరాసు రాజధానికి మారినది. గోదావరి కీవలిదరినున్న ఖమ్మము, ఇల్లెందు, పాల్వంచ సీమలు నైజాము రాజ్యమున వరంగల్లు జిల్లాలో నుండి, 1953లో ఖమ్మము జిల్లాగా నేర్పడినవి. 1959లో భద్రాచలము ఆ జిల్లాలో కలిసినది. 2014లో పోలవరము ప్రాజెక్టు కారణమున కూనవరము, చింతూరు, వరరామచంద్రాపురము మున్నగు మండలములు ఆంధ్రప్రదేశమున చేరినవి. 2016లో భద్రాద్రి కొత్తగూడెము జిల్లా వెలసినది. ఇన్ని మార్పులు జరిగినను అడవి యంచున నున్న రైతు ఇంట ఒక్కటి మాత్రము మారలేదు. ఆషాఢమున గాదె యడుగు కనబడును. వరికోత కార్తికమునకు గాని రాదు. మన బీదతనములో అధికభాగము ఈ నడిమి మాసములలోనే పుట్టుచున్నదని మా అభిప్రాయము. దానిని అచ్చటనే అరికట్టవలెనని సభ్యులకు విన్నవించుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

బీదతనమనగా ఏడాది రాబడి చాలకపోవుటయే యని సామాన్యముగ తలచుచుందురు. అది సగము నిజము. ఒకే విస్తీర్ణము భూమి, ఒకే పంట గల రెండు కుటుంబములను తీసికొనుడు. శ్రావణమున ఒక ఇంట రెండు బస్తాల వడ్లు మిగిలియున్నవి; రెండవ ఇంట లేవు. లేని ఇంటివాడు నాగునకు పోవును. నాగనగా ఏమో మన రైతులకు వేరుగ చెప్పనక్కరలేదు. బస్తా తెచ్చిన వాడు కోతల నాటికి బస్తాన్నర కొలువవలెను. ఐదు మాసములకు నూటికి ఏబది. ఏడాదికి లెక్కించిన నూటికి నూటయిరువది. ఏ బ్యాంకును ఏ సహకార సంఘమును ఇట్టి వడ్డీ కలలోనైన అడుగజాలదు. కోతలు కాగానే ఈ బాకీ తీర్చిన రైతు ఇంట గింజ తగ్గును. తగ్గుటచే మరుసటి ఆషాఢము ఇంకను ముందుగనే వచ్చును. ఇట్లు ఒక ఏటి కొరత మరుయేటి కొరతను కనుచున్నది.

వడ్డీ ఒక్కటియే నష్టమైన కొంత ఓర్చుకొనవచ్చును. అంతకంటె పెద్దనష్టము మరియొకటి కలదు. అప్పిచ్చినవాడే సరుకు కొనువాడు కూడ నగును. వాని కాటా, వాడు చెప్పిన ధర, వాడు తీసిన తరుగు. బజారులో ధర పెరిగెనను వార్త విని ఈ రైతు చేయగలిగినదేమియు లేదు. అతని సరుకు పొలములో నుండగనే మాటపోయినది. ఫాల్గుణ చైత్రములలో తెల్లవారుజామున లేచి అడవిలో ఏరితెచ్చిన ఇప్పపువ్వును చౌకగా అమ్మి, వానకాలమున అదే పువ్వును హెచ్చు వెలకు కొని తెచ్చుకొనిన కుటుంబములను మన ప్రాంతమున ఎరుగనివారు లేరు. చింతపండు సంగతియు అట్టిదే. సరుకు నిలువయుంచుకొనుట తెలియక కాదు, నిలువయుంచుకొను దినములలో తినుటకు లేక.

కడుపు నిండిన బేరమని మనలో ఒక నుడి గలదు. తొందరలేనివాడు, పోతే పోనీ యనగలవాడు ఆడు బేరమది. వ్యాపారికి ఎల్లప్పుడు అట్టి బేరము సాగుచుండును. రైతునకు ఎన్నడును సాగదు. 2017 ఏప్రిలులో మిరప ధర కూలినపుడు ఖమ్మము మార్కెట్టు యార్డులో రైతుల ఆగ్రహము ఎట్లు ప్రజ్వరిల్లినదో సభ్యులకు జ్ఞాపకముండును. నాడు బస్తాలను వెనుకకు మరల్చి, కోల్డు స్టోరేజీలో పెట్టి, రెండు మూడు మాసములు వేచియుండ గలిగిన రైతు ఎందరు? ఇంటియొద్ద అప్పులవాడు కూర్చుండియుండగా మంచిధర కొరకు ఎదురుచూచుట సాధ్యమా? మంచి ధర కోరువాడు మొదట ధైర్యముగ వేచియుండు శక్తిని సంపాదింపవలెను. ఆ శక్తికి మూలము ఇంటిలోని గింజ.

ఈ బాధ నేటిది కాదు, దీనిని ఎవరును గుర్తింపలేదనుటయు సరికాదు. భద్రాచలము మదరాసు ఏజెన్సీలో నున్నపుడే 1917 చట్టము కొండజాతుల వారి భూములు ఇతరుల పాలు కాకుండ అడ్డుపెట్టుటయే గాక, వారిమీది వ్యాజ్యములలో వడ్డీ నూటికి 24కు మించరాదనియు, వడ్డీమీద వడ్డీ చెల్లదనియు, మొత్తము వడ్డీ అసలును దాటరాదనియు శాసించినది. నైజాము వైపున, రెండవ ప్రపంచయుద్ధ కాలమున గోదావరి గట్టు కొండరెడ్ల నడుమ నివసించి పరిశోధన చేసిన హైమన్‌డార్ఫ్ పండితుడు 1945లో ప్రకటించిన గ్రంథమున, కలప వర్తకులకు అప్పుపడి ఆ అప్పు తీరక వారి క్రిందనే కూలిచేయు కుటుంబముల దుస్థితిని వర్ణించెను. 1970లో భూబదలాయింపు నియమములు మరింత కఠినము చేయబడినవి. ఈ చట్టములు లేకున్న నేడు మన గిరిజన సోదరులకు మిగిలిన భూమియు మిగిలియుండెడిది కాదు. అయినను వడ్డీకి హద్దు కోర్టులోనే గలదు. శ్రావణమాసపు రాత్రి గింజకొరకు తలుపు తట్టినవాడు కోర్టుకు పోవునా? తట్టుటకు మరియొక తలుపు ఊరిలోనే ఉండవలెను.

సర్కారు తలుపు ఒకటి తెరచినది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యము మొదలైనది. 2006 ఫిబ్రవరిలో ఉపాధిహామీ పనులు ఆరంభమైనపుడు ఖమ్మము జిల్లా తొలివిడతలోనే చేర్చబడినది. 2013లో ఆహారభద్రత చట్టమైనది. తెలంగాణమున 2025 ఉగాదినుండి తలకు 6 కిలోల సన్నబియ్యము ఉచితముగ నిచ్చు పథకము మొదలైనది. వృద్ధులకు, వితంతువులకు పింఛనులు వచ్చుచున్నవి. ఇవి భిక్షయని తలచువారితో మేము ఏకీభవింపము. పన్ను కట్టు ప్రజలు తమలో బలహీనులకు ఏర్పరచుకొనిన రక్ష ఇది. ఇట్టి సహాయము జనులను సోమరులను చేయునని కొందరు సహకారవాదులే వాదింతురు. మా యనుభవము అందుకు విరుద్ధము. రేపటి కూడునకు భయములేనివాడే ఈనాడు సంఘమునకు వాటాధనము కట్టుచున్నాడు, భయమున్నవాడు కట్టలేడు.

అట్లైన రేషను బియ్యము వచ్చుచుండగా ఊరిగాదె యేల యని అడుగవచ్చును. ఇది తగిన ప్రశ్నయే. సమాధానము రెండు విధములు. మొదటిది: ఆ బియ్యము చాలవరకు పూట గడుపును గాని, వానకాలపు ఖర్చులన్నియు గడుపదు. విత్తనములు, ఎరువులు, పురుగుమందులు, పిల్లల బడిఖర్చులు, మన్యపు జ్వరముల ఆసుపత్రి ఖర్చులు, ఇవన్నియు జ్యేష్ఠమునుండి భాద్రపదమువరకే వచ్చి మీద పడును. వెనుక గింజకొరకు చేసిన అప్పు నేడు ప్రత్తికొరకు, మిరపకొరకు చేయవలసి వచ్చుచున్నది. ఎరువులు అరువిచ్చు దుకాణదారుడే పంటను కొనుచోట నాగుపద్ధతి చావలేదు, వేషము మార్చినది. కౌలుదారునకు పట్టా లేదు గనుక బ్యాంకు గుమ్మము ఎక్కజాలడు. పోడు భూములవారిలో చాలమందికి 2006 అటవీహక్కుల చట్టము వచ్చిన తరువాత గూడ ఏండ్ల తరబడి కాగితము చేతికందలేదు. తెలంగాణమున 2023 జూనులో నాలుగు లక్షల ఎకరములకు పైగా పట్టాలిచ్చునపుడు గాని కొందరికి ఊరట కలుగలేదు. రెండవది: పైనుండి వచ్చు సహాయము ఆగవచ్చును, ఆలసింపవచ్చును, వంతెన తెగి ఊరు చేరకపోవచ్చును. ఊరిలోనున్న గింజకు ఈ భయము లేదు.

సహకారోద్యమము పుట్టినదే ఇట్టి ఆకలి మాసములలో నన్న సంగతి మన సభ్యులలో చాలమంది ఎరుగరు. జర్మనీదేశమున వేయర్బుష్ అను కొండసీమ గ్రామమునకు రైఫైజన్ అను యువకుడు అధికారిగ నుండెను. 1846–47 శీతకాలమున అచ్చట కరవు వచ్చినది. సర్కారు కొంత ధాన్యమిచ్చెను గాని, రొక్కమునకు మాత్రమే అమ్మవలెనని ఉత్తరువు. రొక్కము లేకయే గదా జనులు ఆకలి గొనుట! రైఫైజన్ ఊరిలోని కలవారిచేత ఒక నిధి పోగు చేయించి, ఆ పూచీమీద బీదలకు పిండి అరువిప్పించెను. ఊరుమ్మడిగ ఒక రొట్టెల పొయ్యి కట్టించెను. ఆ రొట్టె సంఘమునుండి నేర్చిన పాఠములే క్రమముగ మారి, 1864లో హెడ్డెస్‌డార్ఫున రైతుల పరపతి సంఘముగ రూపొందినవి. మదరాసు ప్రభుత్వము పంపగా నికల్సను దొర ఐరోపాలోని ఇట్టి సంఘములను పరిశీలించి 1895, 1897 సంవత్సరములలో నివేదికలు సమర్పించెను. పిదప 1904లో సహకార పరపతి సంఘముల చట్టము వచ్చినది. మన సంఘముల వంశవృక్షపు వేరులో ఒక కరవు, ఒక ఊరి నిధి ఉన్నవి. కాలక్రమమున మనము ఋణపత్రములను మాత్రము పట్టుకొని, ఆ నిధిని మరచితిమి.

మన తెలుగునాట గూడ ఉదాహరణలు లేకపోలేదు. పాత కరీంనగరు జిల్లాలోని ముల్కనూరు గ్రామమున 1956లో విశ్వనాథరెడ్డిగారి నాయకత్వమున ఏర్పడిన సంఘము అప్పిచ్చుటతో ఊరకుండక, ఎరువులు విత్తనములు సమకూర్చి, పంటను కూడ తానే కొని అమ్మి పేరు గన్నది. అప్పును, అమ్మకమును ఒకే సంఘము చేతిలో నుంచినందున వ్యాపారి నడుమ దూరుటకు సందు తక్కువైనది. ఆ సంవత్సరముననే గిరిజన సహకార సంస్థయు స్థాపింపబడినది. తపసి జిగురు, ఇప్పగింజలు, చింతపండు, కుంకుడుకాయలు, తేనె మున్నగు అడవి సరుకులను అది కొని, డిపోలలో నిత్యావసర వస్తువులు అమ్మినది. అది కాటా పెట్టినచోట వ్యాపారి కాటాయు కొంత సరియగునని పెద్దలు చెప్పుదురు. అయినను డిపో కాటా వరకు సరుకు చేరవలెను గదా! అంతకుముందే గింజ అప్పు క్రింద సరుకు తాకట్టుపడిన ఇంటివానికి ఎంత మంచి సంస్థ యున్నను ఉపయోగమేమి? కావున అమ్మకపు సంఘము నిలుచుటకు పునాది ఊరిగాదెయే యని మేము గట్టిగ నమ్ముచున్నాము.

ఇక కార్యక్రమము. ఒక గూడెమునగాని, పల్లెలోగాని 40 కుటుంబములు కలియవలెను. కోతలు కాగానే ఇంటికి 25 కిలోల వడ్లుగాని జొన్నలుగాని గాదెలో పోయవలెను. మొత్తము 10 క్వింటాళ్లగును. ఒక్కమారుగ ఇవ్వలేనివారు వంటకు బియ్యము తీయునపుడెల్ల పిడికెడు పక్కనుంచి, ఆ మేరకు చెల్లింపవచ్చును. మన మహిళాసంఘములకు ఈ పద్ధతి క్రొత్త కాదు. ఆషాఢమునుండి అవసరమున్నవారికి అప్పు. నలుబదిమందికి నొక్కసారి అవసరము రాదు. పదిమందికి వచ్చిన తలకు ఒక క్వింటాలు చొప్పున అందును. కోతల నాటికి నూరు కిలోలకు 120 కొలువవలెను. నాగున నైనచో 150 పోయెడిది. 30 కిలోలు ఇంటనే మిగిలినవి. పైగా కొలిచిన 20 కిలోలును పరుల పాలు కాలేదు, తన గాదెలోనే యున్నవి. ఎలుకలు, పురుగు, ఆరుడు క్రింద నూటికి 4, ముందు చెప్పబోవు సాయనిధికి 5 తీసివేసినను, గింజయంతయు అప్పునకు పోయిన యేట నూటికి 11 నిలుచును. ఇట్లు సాగిన ఏడేండ్లకు మూలధాన్యము రెట్టింపగును. పిమ్మట వడ్డీని సగము తగ్గించుకొనవచ్చును.

ఇట్టి ధాన్యపు బ్యాంకులు పూర్వము పెట్టి చెడినవి గదా యని పెదవి విరుచువారున్నారు. వాస్తవమే. 1996–97లో భారత ప్రభుత్వము గిరిజన గ్రామములకు ధాన్యపు బ్యాంకుల పథకము ప్రారంభించి, కుటుంబమునకు ఒక క్వింటాలు చొప్పున ధాన్యమిచ్చినది. చాలచోట్ల ఇచ్చిన ధాన్యము తిరిగి గాదె చేరలేదు. కారణము వెదకనక్కరలేదు: ఎవరి చెమటయు కలియని గింజను తిరిగి కొలువవలెనను పట్టుదల ఎవరికి నుండును? అందుచేత మొదటి గంప సభ్యులదే కావలెను. సర్కారు ఇయ్యదలచిన సహాయము గాదె కట్టుటకు, కాటా కొనుటకు, లెక్కలు తనిఖీ చేయుటకు ఇచ్చిన చాలును.

నియమములు కొన్ని తప్పనిసరి. గాదెకు మూడు తాళములు, మూడు ఇండ్ల తాళపుచెవులు. అందు రెండు స్త్రీలయొద్ద నుండవలెను. ఇంటి గింజ ఎన్నాళ్లు వచ్చునో మగవారికంటె వారికే బాగుగ తెలియును. గింజ ఆరబెట్టి, తేమ చూచి, నలుగురి యెదుట తూచి పోయవలెను. ఎవరెంత తెచ్చిరో, ఎవరెంత తీసిరో గోడమీద అందరికి కనబడునట్లు వ్రాయవలెను. చదువురాని సభ్యులకు నెలకొకమారు చదివి వినిపింపవలెను. కార్యవర్గమువారు అందరికంటె వెనుక అప్పు తీసికొని, అందరికంటె ముందు తీర్చవలెను. ఈ ఒక్క నియమము తప్పిన సంఘము మూడేండ్లు నిలువదు.

సాయనిధి సంగతి ప్రత్యేకముగ చెప్పవలెను. మగదిక్కు పోయిన ఇల్లు, మంచమునపడిన రోగి, పంట పూర్తిగ పోయిన రైతు, వీరిని బాకీకొరకు వేధించిన సంఘమునకును సాహుకారునకును భేదమేమి? వడ్డీలో నాల్గవ పాలు వేరుగనుంచి, ఇట్టివారి బాకీని దానినుండి మాఫీ చేయవలెను. అది దయ కాదు, ఏటేట తామును కొలిచిన గింజలోనుండి వచ్చిన హక్కు. గోదావరి మాట మరువరాదు. 1986 ఆగస్టులో భద్రాచలమున నీటిమట్టము 75.6 అడుగులకు, 2022 జూలైలో 71.3 అడుగులకు లేచినది. మూడవ హెచ్చరిక 53 అడుగులకే గదా! వరద వచ్చునదియు ఆకలి మాసములలోనే. కావున లంకలను, ఏటిగట్టును ఆనుకొనియున్న పల్లెలవారు గాదెను మిట్టమీద కట్టవలెను. లేదా ఎత్తైన పొరుగూరి సంఘముతో ఒడంబడిక చేసికొని అచ్చట కొంత గింజ నిలువయుంచవలెను.

గాదె నిలిచిన రెండవ యేటనుండి అమ్మకము చేపట్టవచ్చును. ఇప్పపువ్వు, చింతపండు తెచ్చిన సభ్యునకు కొంత గింజయో రొక్కమో ముందుగ నిచ్చి, సరుకును ఆరబెట్టి, రకములు చేసి, ఊరుమ్మడిగ నిలువయుంచవలెను. గిరిజన సంస్థ ధరయు, సంతధరయు తెలిసికొని, మేలైనచోట ఒక్కబండిగ అమ్మవలెను. మిరప, ప్రత్తి రైతులును బస్తాలను విడివిడిగ కాక సంఘము పేర యార్డునకు తెచ్చిన, ధర నచ్చని దినమున గిడ్డంగిలో పెట్టి రసీదుమీద ఋణము తీసికొనవచ్చును. అప్పుడు ఇంటియొద్ద తొందరపెట్టువాడు ఉండడు.

మన కోయ సోదరులు క్రొత్తపంటను ఊరంతయు కలిసి పండుగ చేయనిదే నోట పెట్టరు. ఆ పండుగనాడే ఇంటికొక గంప చొప్పున ఊరిగాదెలో పోయుట ఆచారముగ నేర్పరచుకొనిన, వేరు పిలుపులును వసూళ్లును అక్కరలేదు. గూడెమువారును పల్లెవారును ఈ విషయమున ఒకరినొకరు చూచి నేర్చుకొనదగును.

రాబోవు కోతలకు ముందే ప్రతి సంఘమును సర్వసభ్య సమావేశము జరిపి, ఈ మూడు ప్రశ్నలకు లెక్క తేల్చవలెనని కోరుచున్నాము. గత ఆషాఢమునుండి కార్తికమువరకు మన ఊరిలో ఎన్ని ఇండ్లవారు గింజ అప్పు తెచ్చిరి? ఎంత తెచ్చి ఎంత కొలిచిరి? ఆ అప్పు క్రింద ఎంత సరుకు బజారు ధరకు తక్కువగ పోయినది? ఈ లెక్క నిజాయితీగ వ్రాసిన ఊరికి మా వాదముతో పనిలేదు. ఆ అంకెలే గాదెకు పునాది తీయించును.